ఈమెయిల్ మోసానికి మన దగ్గర చట్టమే లేదా?

ప్రశ్న: మాది తాడిపత్రి. మామగారు, మా ఆయన కలిసి నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతున్నారు. బిల్లులు, జీఎస్టీ, బ్యాంకు పనులు నేను చూసుకుంటాను. కటింగ్ బ్లేడ్లు, పాలిష్ సామాను ఎన్నో ఏళ్లుగా రాజస్థాన్‌లోని ఒక కంపెనీ నుంచి తెప్పించుకుంటున్నాం. పోయిన నెల వాళ్లు పంపినట్టే ఒక మెయిల్ వచ్చింది. ‘ఆడిట్ జరుగుతోంది, పాత ఖాతా ఆపేశాం, ఈసారి డబ్బు ఈ కొత్త ఖాతాకు వేయండి’ అని రాసి, కంపెనీ లెటర్‌హెడ్ మీద సీలు, సంతకంతో ఒక కాగితం కూడా జత చేశారు. బిల్లు నంబరు, మొత్తం, మా జీఎస్టీ నంబరు అన్నీ సరిగ్గా ఉన్నాయి. రూ.3,80,000 ఆర్టీజీఎస్ చేశాను. ఐదో రోజు కంపెనీ వాళ్లు ఫోన్ చేసి ‘డబ్బు ఎప్పుడు వేస్తారు’ అని అడిగితేగానీ మోసమని తెలియలేదు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. రూ.96,000 ఏదో ఖాతాలో ఆగిందన్నారు. స్టేషన్‌కు వెళితే ‘మీ చేత్తో మీరే వేశారు కదమ్మా, ఇది సివిల్ గొడవ. స్పామ్ మెయిళ్లకు మన దేశంలో చట్టం లేదు’ అని తిప్పి పంపారు. లా చదివిన మా బంధువు 66ఏ సెక్షన్ కింద ఫిర్యాదు రాసిచ్చాడు. ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు ఎప్పుడో కొట్టేసిందని స్టేషన్‌లోనే చెప్పారు. కంపెనీ వాళ్లేమో మా డబ్బు మాకు కట్టాల్సిందే అంటున్నారు. వైరస్ ఉందేమోనని మా మరిది లాప్‌టాప్ ఫార్మాట్ చేయిస్తానంటున్నాడు. ‘బీకాం చదివి చేసే పనేనా ఇది’ అన్న మామగారు అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. మాకు దారేమిటి?
– ఒక సోదరి, తాడిపత్రి

సమాధానం: అమ్మా, మిగతావన్నీ తర్వాత, ముందు మీ మరిదిని ఈ రోజే ఆపండి. ఆ లాప్‌టాప్ ఫార్మాట్ చేయకూడదు, ఆ మెయిల్ డిలీట్ చేయకూడదు, అది వచ్చిన మెయిల్ ఖాతాను మూసేయకూడదు. మీ కేసులో అసలైన సాక్షి ఆ మెయిలే. అది పోతే మీరు ఎంత నిజం చెప్పినా, నిరూపించడానికి మీ దగ్గర మిగిలేది బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒక గీత మాత్రమే.

ఇక చట్టం సంగతి. స్టేషన్‌లో మీతో అన్నదాంట్లో కొంత నిజం ఉంది. అమెరికాలో 2003లో క్యాన్‌–స్పామ్ అనే చట్టం తెచ్చారు. 2004 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. పంపినవాళ్ల ఆనవాలు దొరక్కుండా తప్పుడు వివరాలు పెట్టి, గుంపగుత్తగా వ్యాపార మెయిళ్లు పంపడం అక్కడ దానికదే నేరం. ఎవరి డబ్బూ పోకపోయినా సరే, తీవ్రతను బట్టి ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. అలా స్పామ్ కోసమే చేసిన చట్టం మన దేశంలో లేదు. ఫోన్ కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు, ప్రచార కాల్స్ వద్దని చెప్పుకునే డీఎన్‌డీ ఉన్నాయి గానీ అవి మెయిల్ జోలికి రావు.

66ఏ గురించి మీ స్టేషన్ వాళ్లు చెప్పింది కూడా నిజమే. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టానికి (ఐటీ చట్టం) 2008లో చేసిన సవరణతో ఆ సెక్షన్ వచ్చింది. అందులో మూడో భాగం సరిగ్గా స్పామ్‌కు సరిపోయేది. చికాకు పెట్టడానికో, ఎవరి నుంచి వచ్చిందో తెలియకుండా అవతలివాళ్లను తప్పుదారి పట్టించడానికో మెయిల్ పంపితే మూడేళ్ల దాకా శిక్ష అని ఉండేది. కానీ అదే సెక్షన్‌లోని మిగతా మాటలను పట్టుకుని ఫేస్‌బుక్‌లో రెండు ముక్కలు రాసినవాళ్లను కూడా అరెస్టు చేయడం మొదలైంది. శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను మొత్తంగా కొట్టేసింది. భావప్రకటన స్వేచ్ఛను కాపాడిన మంచి తీర్పు అది, నాకు అందులో రెండో మాట లేదు. కానీ దాంతో పాటు స్పామ్‌కు సరిపోయే ఆ భాగం కూడా పోయింది. ఆ తర్వాత కూడా కొన్నిచోట్ల 66ఏ కింద కేసులు పెడుతుంటే, అలా ఎవరినీ విచారించకూడదని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో మరోసారి ఆదేశించింది. కాబట్టి మీ బంధువు రాసిచ్చిన ఫిర్యాదును పక్కన పడేయండి. ఆయన మీద కోపం వద్దు, పాత పుస్తకాల్లో ఆ సెక్షన్ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

ఇంతవరకే వాళ్ల మాట నిజం. స్పామ్‌కు చట్టం లేదు కాబట్టి మీ కేసుకు కూడా చట్టం లేదనడం మాత్రం పూర్తిగా తప్పు. మీకు జరిగింది చికాకు కాదు, మోసం. అది మెయిల్‌లో చేసినా, ఉత్తరంలో చేసినా, మీ ఫ్యాక్టరీ గడపలో నిలబడి చేసినా మోసమే.

‘మీ చేత్తో మీరే వేశారు కదమ్మా’ అన్నారు చూడండి, ఆ మాట దగ్గర కాసేపు ఆగుతాను. ఎందుకంటే ఈ ఒక్క మాటతోనే మన జిల్లాల్లో ఎంతోమంది బాధితులు తలొంచుకుని ఇంటికి వెళ్లిపోతున్నారు. దొంగతనంలో సొత్తు మనకు తెలియకుండా పోతుంది, దోపిడీలో భయపెట్టి లాక్కుంటారు, మోసంలో మన చేత్తోనే ఇప్పిస్తారు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ మోసాన్ని నిర్వచించింది ఇలాగే. ఒకరిని నమ్మించి, ఆ నమ్మకంతో వాళ్లు సొత్తు అప్పగించేలా చేయడమే మోసం. అంటే మీ చేత్తో మీరే వేయడం అనేది నేరంలోనే ఒక భాగం. అది లేకపోతే ఈ సెక్షనే వర్తించదు. ఆ మాట మీ కేసును బలహీనపరచదు సరికదా, నేరం పూర్తయిందని చెబుతుంది.

సివిల్ గొడవ అనేది కూడా ఇక్కడ అతకదు. ఇలాంటి డబ్బు విషయాల్లో సివిల్ గొడవ అంటే మామూలుగా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం, అందులో ఏదో తేడా ఉంటుంది. ఆ డబ్బు తిన్నవాడితో మీకు ఒప్పందమే లేదు. వాడు ఎవరో కూడా మీకు తెలియదు.

మీ విషయానికి ఏ సెక్షన్లు సరిపోతాయో చెబుతాను. 2024 జూలై 1 తర్వాత జరిగిన నేరం కాబట్టి ఐపీసీ కాదు, భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. 318(4) పాత 420కి బదులుగా వచ్చింది, ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. ఇంకొకరిలా నటించి మోసం చేసినందుకు 319(2), ఐదేళ్ల దాకా. ఆ దొంగ లెటర్‌హెడ్, సీలు, సంతకం ఉన్నాయి కదా, మోసం కోసం దొంగ పత్రం సృష్టించినందుకు 336(3), అది కూడా ఏడేళ్ల దాకా. దాన్ని అసలుదిగా చూపి వాడినందుకు 340. ఐటీ చట్టంలో కంప్యూటర్ ద్వారా వేరేవాళ్లలా నటించి మోసం చేస్తే 66డి, ఇతరుల పాస్‌వర్డ్, డిజిటల్ గుర్తింపు లాంటివి దొంగిలించి వాడితే 66సి. ఈ రెండింటికీ మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఎవరి మెయిల్ బాక్సులోనైనా అనుమతి లేకుండా దూరి ఉంటే 43వ సెక్షన్‌తో కలిపి 66. నేరగాడు దేశం బయట కూర్చుని చేశాడన్నా 75వ సెక్షన్ ఉంది. దెబ్బతిన్న కంప్యూటర్ ఇక్కడిదైతే మన చట్టమే వర్తిస్తుంది.

ఈ నంబర్లన్నీ మీరు కంఠతా పట్టక్కర్లేదు. ఏ సెక్షన్ పెట్టాలో చూసుకోవడం పోలీసుల పని, ఫిర్యాదులో జరిగింది జరిగినట్టు రాస్తే చాలు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. 66సి, 66డి రెండూ బెయిలబుల్. 318(4) నాన్‌బెయిలబుల్. ఎఫ్ఐఆర్‌లో ఐటీ చట్టం సెక్షన్లు మాత్రమే ఉంటే నిందితుడు దొరికిన రోజే బయటికొస్తాడు. అందుకే మోసం, ఫోర్జరీ సెక్షన్లు కూడా ఉన్నాయో లేదో ఎఫ్ఐఆర్ కాపీలో చూసుకోండి. ఆ కాపీని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి.

ఎఫ్ఐఆర్ అంటే గుర్తొచ్చింది. 1930కి ఫోన్ చేసినప్పుడు వచ్చిన నంబరు ఎఫ్ఐఆర్ కాదు. చాలామంది అది వచ్చింది కదా, కేసు నడుస్తోంది కదా అనుకుని నెలల తరబడి ఎదురు చూస్తారు. ఆ నంబరు డబ్బును ఎక్కడికక్కడ ఆపడానికి పనికొస్తుంది. నేరగాడిని పట్టుకోవాలన్నా, ఆగిన డబ్బు కోర్టు ద్వారా తీసుకోవాలన్నా ఎఫ్ఐఆర్ ఉంటేనే పని సులువవుతుంది. 1930కి చెప్పిన విషయాన్ని జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా పూర్తి వివరాలతో నమోదు చేశారో లేదో చూసుకోండి. చేయకపోతే ఇవాళే చేయండి.

స్టేషన్‌లో ఎస్సై గారు ‘ఐటీ చట్టం కేసు నేను చూడకూడదు’ అన్నా అనొచ్చు. అందులో ఒక వాస్తవం ఉంది. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ నేరాలను ఇన్‌స్పెక్టర్, అంటే సీఐ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. కానీ అది దర్యాప్తు గురించిన నియమం. ఫిర్యాదు తీసుకుని ఎఫ్ఐఆర్ రాయడానికి అది అడ్డం కాదు. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులో చెప్పింది. డబ్బు చేరిన ఖాతా వేరే రాష్ట్రంలో ఉంది, అక్కడికి వెళ్లండి అన్నా ఒప్పుకోకండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లోపు మీరు వెళ్లి సంతకం చేయాలి.

మళ్లీ తిప్పి పంపితే వాదనకు దిగకండి. అదే ఫిర్యాదును అనంతపురంలో జిల్లా ఎస్పీ గారి పేరున స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. 173(4) మీకిచ్చిన హక్కు అది. లేదంటే సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు మీరూ మీ ఆయనా కలిసి వెళ్లి చేతికివ్వండి. అప్పటికీ కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ కోర్టులో 175(3) కింద దరఖాస్తు వేయొచ్చు. ఎస్పీకి పంపిన రసీదు అప్పుడు తప్పకుండా కావాలి.

ఫిర్యాదు రెండు పేజీలు దాటనివ్వకండి. మా కుటుంబం ఎప్పటి నుంచి వ్యాపారం చేస్తోంది, ఎంత కష్టపడి పైకొచ్చాం లాంటివి వద్దు. ‘ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఫలానా చిరునామా నుంచి మా చిరునామాకు ఈ మెయిల్ వచ్చింది. అది మా సరఫరాదారు పంపిందేనని నమ్మి ఫలానా తేదీన మా ఖాతా నుంచి ఈ ఖాతాకు రూ.3,80,000 ఆర్టీజీఎస్ ద్వారా పంపాను. అది వాళ్లు పంపింది కాదని ఫలానా తేదీన ఫోన్‌లో తెలిసింది’ ఇలా సూటిగా రాయండి. ‘నమ్మి పంపాను’ అనే మాట తప్పకుండా ఉండాలి, మోసం సెక్షన్ దాని మీదే నిలుస్తుంది. ఆర్టీజీఎస్ కాబట్టి 22 అక్షరాల యూటీఆర్ నంబరు బ్యాంకులో అడిగి రాయండి. ఒక్క అక్షరం తప్పినా అవతలి బ్యాంకులో లావాదేవీ దొరకదు.

మీరు ఉత్తరంతో పాటు పంపిన రెండు మెయిళ్ల ప్రింట్లూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. కంపెనీ అసలు చిరునామాలో ఇంగ్లిష్ చిన్న ‘ఎం’ అక్షరం ఉంది. దొంగ చిరునామాలో ఆ చోట ‘ఆర్’, ‘ఎన్’ అనే రెండు చిన్న అక్షరాలు ఆనుకుని ఉన్నాయి. ఫోన్ తెర మీద ఆ రెండూ కలిసి అచ్చం ‘ఎం’లాగే కనిపిస్తాయి. మిగతా అక్షరాలన్నీ ఒకటే. పేరు, సంతకం కింద ఫోన్ నంబరు, ఆ కంపెనీ వాళ్లు ఎప్పుడూ రాసే ‘రిగార్డ్స్’ కూడా అలాగే ఉన్నాయి. మీ మామగారికి ఈ రెండు ప్రింట్లూ చేతికిచ్చి తేడా ఎక్కడుందో చూపించమని అడగండి. దురుసుగా కాదు, నెమ్మదిగానే. ముప్పై ఏళ్లుగా బండ అంచు చూసి నాణ్యత చెప్పే మనిషి అయినా ఆ తేడా పట్టుకోలేరు. అమ్మా, మీరు చదివిన చదువు తక్కువై ఇది జరగలేదు. వాడు ఎన్నో రోజులు మీ ఉత్తర ప్రత్యుత్తరాలు చదివి, బిల్లు కట్టే వారం దాకా కాచుకుని వల వేశాడు. ఆదోనిలో పత్తి మిల్లయినా, ప్రొద్దుటూరులో నగల కొట్టయినా, ఊరు దాటి సరుకు తెప్పించుకునే ఏ వ్యాపారికైనా ఈ ప్రమాదం ఉంది.

ఎన్నో రోజులు చదివాడు అని ఊరికే అనలేదు. బిల్లు నంబరు, మొత్తం, మీ జీఎస్టీ నంబరు వాడికెలా తెలిశాయి? మీ మెయిల్ బాక్సులోనో, కంపెనీ వాళ్ల మెయిల్ బాక్సులోనో ఎవరో దూరారు. ఇది తేలడం చాలా ముఖ్యం. మీ మెయిల్ సెట్టింగ్స్ తెరిచి ఫార్వర్డింగ్, ఫిల్టర్లు అని ఉన్నచోట చూడండి. మీకు తెలియని చిరునామాకు మీ మెయిళ్లన్నీ వెళ్లేలా ఎవరైనా పెట్టి ఉంటే అక్కడే కనిపిస్తుంది. కనిపిస్తే కంగారుపడి తీసేయకండి, ముందు తేదీ, సమయం పడేలా ఫొటో తీసుకుని ఆ తర్వాత తీసేయండి. ఖాతా ఏయే ఫోన్లలో, ఏయే ఊళ్ల నుంచి తెరిచారో చూపించే పేజీ కూడా ప్రింట్ తీసుకోండి. అప్పుడు పాస్‌వర్డ్ మార్చి, ఓటీపీ అడిగే రెండంచెల భద్రత పెట్టండి. కంపెనీ వాళ్లను కూడా ఇదే పరీక్ష చేసి ఫలితం రాతపూర్వకంగా పంపమనండి.

ఇప్పుడు ఆ మెయిల్‌ను సాక్ష్యంగా దాచడం ఎలాగో చెబుతాను. చాలా కేసులు పాడయ్యేది ఇక్కడే. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపితే సరిపోదు. ఎస్సై గారికి ఆ మెయిల్ ఫార్వర్డ్ చేసినా సరిపోదు, అలా పంపితే అసలు మెయిల్ వచ్చిన దారి వివరాలు పోయి, మీ దగ్గర నుంచి వెళ్లిన వివరాలు చేరతాయి. కంప్యూటర్‌లో మెయిల్ తెరిచి పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కితే జీమెయిల్‌లో ‘షో ఒరిజినల్’ అని వస్తుంది. అది నొక్కితే మెయిల్ ఏ సర్వర్ నుంచి ఏ సర్వర్‌కు, ఏ సెకనుకు వచ్చిందో వరసగా ఉంటుంది. మీకు అర్థం కాకపోయినా పర్వాలేదు, దర్యాప్తు చేసేవాళ్లకు అర్థమవుతుంది. అక్కడే ‘డౌన్‌లోడ్ ఒరిజినల్’ ఉంటుంది. ఆ ఫైలును పేరు మార్చకుండా రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టుకోండి. ఆ పేజీలో ఎస్‌పీఎఫ్, డీకేఐఎం అనే పరీక్షల ఎదురుగా ‘పాస్’ అని ఉండొచ్చు. అది చూసి మెయిల్ అసలుదేనని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ చిరునామా నుంచే వచ్చిందని మాత్రమే దానర్థం. ఆ దొంగ చిరునామా వాడు కొనుక్కున్నదే అయితే పాస్ కాక ఏమవుతుంది? వాడు దాన్ని ఎక్కడో డబ్బు కట్టి రిజిస్టర్ చేసి ఉంటాడు. ఆ కొనుగోలు వివరాలు అడిగి తెప్పించుకునే అధికారం పోలీసులకుంది, మనకు లేదు.

భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఒక సర్టిఫికెట్ ఉండాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపాలి. ఆ ఫైలు తర్వాత ఎవరూ మార్చలేదని చూపే హాష్ విలువ కూడా అందులో రాయాలి. ఆ నమూనా ఆ చట్టం చివరే ఉంది. మీ వకీలు సిద్ధం చేస్తారు. లాప్‌టాప్‌ను పోలీసులు అడిగితే రసీదు తీసుకుని ఇవ్వండి. ఫ్యాక్టరీ లెక్కలు ముందే కాపీ చేసుకోండి.

ఆలస్యం చేయవద్దని ఇంతలా ఎందుకు చెబుతున్నానంటే దానికి కారణముంది. సర్వర్ల లాగ్‌లను, అంటే ఎప్పుడు ఏం జరిగిందో చూపే రికార్డులను 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌–ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ గడువు దాటితే అవి ఉంటాయన్న హామీ లేదు. ఇప్పటికే నెల గడిచింది. విదేశీ కంపెనీల నుంచి వివరాలు తెప్పించాలంటే ఇంకా నిదానం.

డబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. మొత్తం వస్తుందని మీకు ఆశ పెట్టలేను. ఇలాంటి సొమ్ము మొదటి ఖాతాలో నిలవదు. గంటల్లోనే రెండో ఖాతా, మూడో ఖాతా, ఏటీఎం, క్రిప్టో అంటూ చీలిపోతుంది. ఐదో రోజున ఫోన్ చేసినా రూ.96,000 ఆగడం మంచి విషయమే, మీరు వెంటనే 1930 గుర్తు చేసుకోబట్టే అది మిగిలింది. ఆగిన డబ్బు దానంతటది మీ ఖాతాలోకి రాదు. నాగరిక సురక్షా సంహిత 503 కింద మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు వేస్తే, పోలీసుల నివేదిక చూసి మీకివ్వమని కోర్టు ఆదేశిస్తుంది. ఏ బ్యాంకులో, ఏ ఖాతాలో, ఏ తేదీన ఆపారో 1930 నంబరు చూపించి పోలీసుల దగ్గర రాయించుకోండి. దరఖాస్తులో అది ఉండాలి.

‘మూడు రోజుల్లో చెబితే బ్యాంకే డబ్బు ఇస్తుందట’ అని ఎవరైనా చెప్పి ఉంటారు. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆ రక్షణ ఖాతాదారు అనుమతి లేకుండా జరిగిన లావాదేవీలకు. మీరు స్వయంగా చేసిన ఆర్టీజీఎస్‌కు అది వర్తించదు. దాని కోసం బ్యాంకు చుట్టూ తిరిగి సమయం పోగొట్టుకోకండి. కానీ ఒక ప్రశ్న మీ బ్యాంకును తప్పకుండా అడగండి. డబ్బు పంపే ముందు అవతలి ఖాతాదారు పేరు చూపించే సౌకర్యం ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లకు 2025 ఏప్రిల్ 1 లోపు పెట్టాలని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకు చెప్పింది. మీరు పంపిన రోజు అది కనిపించిందా? బ్రాంచికి వెళ్లి ఫారం నింపి ఇచ్చి ఉంటే, వాళ్లు పేరు సరిచూశారా? చూడలేదంటే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, దానికి ఖర్చు లేదు.

ఆ మొదటి ఖాతా ఎవరిదో తేలినప్పుడు మీరు ఆశ్చర్యపోవచ్చు. చాలాసార్లు అది అసలు నేరగాడిది కాదు, నెలకు కొన్ని వేలు ఇస్తామంటే పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ అప్పగించిన ఏ కుర్రవాడిదో అయి ఉంటుంది. ఇది చదువుతున్న తల్లిదండ్రులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. అనంతపురంలోనైనా, కడపలోనైనా, కర్నూలులోనైనా హాస్టల్‌లో ఉండే మీ పిల్లలను ఒక్కసారి కూర్చోబెట్టి అడగండి, ఎవరికైనా ఖాతా వాడుకోవడానికి ఇచ్చారా అని. న్యాయ సంహిత 317వ సెక్షన్‌లో మోసం చేసి సంపాదించిన సొమ్మును కూడా దొంగసొత్తు కింద చేర్చారు. తెలిసి దాచుకున్నవాడికి మూడేళ్ల దాకా శిక్ష ఉంది. ముఠాలో భాగమని తేలితే ఇంకా పెద్ద సెక్షన్లు పడతాయి. ‘నాకేం తెలియదు సార్’ అనే మాట నెలనెలా కమీషన్ తీసుకున్నవాడికి పనికిరాదు.

ఇంకో సంగతి, మిగతా పాఠకుల కోసం. డబ్బు పోకముందే దొంగ మెయిల్ గుర్తుపట్టినవాళ్లు నవ్వుకుని డిలీట్ చేస్తుంటారు. చేయకండి. మోసానికి ప్రయత్నించడం కూడా నేరమే. న్యాయ సంహిత 62వ సెక్షన్ ప్రకారం అసలు నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో సగం దాకా పడొచ్చు. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేస్తే ఆ ఖాతా నంబరు, ఆ చిరునామా రికార్డులోకి ఎక్కుతాయి. రేపు ఇంకొకరు అదే ఖాతాకు డబ్బు వేయకముందే అది పట్టుబడొచ్చు.

ఇక మీ సరఫరాదారు. చేదుగా ఉన్నా చెప్పక తప్పదు, మామూలుగా అయితే ఆ బాకీ మీ మీద అలాగే ఉంటుంది. వేరేవాడికి వేసిన డబ్బు వాళ్లకు చేరినట్టు కాదు. అయితే దొంగ దూరింది వాళ్ల మెయిల్ బాక్సులోకే అని తేలితే లెక్క మారుతుంది. వాళ్ల నిర్లక్ష్యం వల్ల నష్టం వచ్చిందని మీరు గట్టిగా అడగొచ్చు, కొంత వాళ్లు భరించేలా మాట్లాడుకోవచ్చు. మీ పాత అనుబంధం తెంపుకోవడం ఇద్దరికీ నష్టమే. కాబట్టి ఫోన్‌లో గొడవపడకుండా ఒక ఉత్తరం రాయండి. జరిగింది రెండు పేరాల్లో చెప్పి, మీ మెయిల్ ఖాతా పరీక్షించి వివరాలు పంపండి, దర్యాప్తులో నిజం తేలేదాకా సగం మొత్తం వాయిదాల్లో కడతాం, మిగతా సగం సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం, దీన్ని మేము మొత్తం బాకీ ఒప్పుకున్నట్టుగా తీసుకోకూడదు అని స్పష్టంగా రాయండి. ఆ చివరి మాట పొరపాటున కూడా వదిలేయకండి. ఉత్తరం మీ వకీలుకు చూపించి, ఫ్యాక్టరీ లెటర్‌హెడ్ మీద మామగారితోనే సంతకం పెట్టించి, మెయిల్‌లో కాకుండా పోస్టులో పంపండి. దాని నకలు పోలీసు ఫిర్యాదుకు జత చేయండి. ఎఫ్ఐఆర్ అయ్యాక దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు మీకు చెప్పాల్సిన బాధ్యత పోలీసులదే, నాగరిక సురక్షా సంహిత 193(3)లో ఉంది. ఆ తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, వాళ్లు చెప్పకపోతే రాతపూర్వకంగా అడగండి.